సజీవుల లెక్క

(2024 డిసెంబరు 29, ఆదివారం సాయంత్రం, సంవత్సరాంతపు కృతజ్ఞతా కూడికలో ఒక సంఘ పెద్ద, విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీ అందరికీ వందనాలు. అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు కూడా వందనాలు. నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో ముప్పావు గంట పీరియడ్లకు అలవాటుపడిన నోరు ఇది. గడియారం చూసే పని మీదే.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఎల్లుండి రాత్రి పన్నెండు కొట్టే ముందు మనమందరం ఇక్కడే మోకాళ్ళ మీద ఉంటాం. అప్పుడు ప్రార్థన ఏ మాటలతో మొదలవుతుంది? చెప్పండి, మీకు కంఠతా వచ్చినదే. “ప్రభువా, ఈ సంవత్సరంలో మాకంటే గొప్పవారు, మాకంటే ధనవంతులు, మాకంటే చదువుకున్నవారు ఎందరో గతించిపోయారు. అయినా మమ్మల్ని సజీవుల లెక్కలో ఉంచావు, నీకు స్తోత్రం.” ఇంతేనా? ఇంతే. మా నాన్న ఇలాగే ప్రార్థించేవాడు. నేనూ ఇలాగే ప్రార్థించాను, ఈ బల్ల దగ్గర నిలబడి, ఎన్నో ఏళ్ళు.

మొన్న గురువారం రాత్రి టీవీ ముందు కూర్చుని ఉన్నాను. క్రిస్మస్ మర్నాడు. గుమ్మం మీద నక్షత్రం ఇంకా వెలుగుతూనే ఉంది, పళ్ళెంలో అరిసెలు ఇంకా ఉన్నాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లో మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ గారు కన్నుమూశారని వార్త వచ్చింది. 92 ఏళ్ళు. నా నోట వెంటనే ఏ మాట వచ్చిందో తెలుసా? “చూశావా, ఎంతటివాళ్ళు వెళ్ళిపోతున్నారో, మనల్ని మాత్రం సజీవుల లెక్కలో ఉంచాడు, స్తోత్రం” అన్నాను. అలవాటు. మా ఆవిడ చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది. “ఆయన చనిపోతే మీరెందుకు స్తోత్రం చెబుతున్నారు?” అంది.

అంతే అంది. అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మూడు రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఈ సాయంత్రం ప్రసంగం నిజానికి ఆమెది. నేను వాయిదా మీద చెప్తున్న జవాబు మాత్రమే ఇది.

లూకా సువార్త 18వ అధ్యాయం మీకు తెలుసు. ఇద్దరు మనుష్యులు, ధర్మశాస్త్రం తు.చ. తప్పక పాటించే ఒక పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే ఒక సుంకరి, ప్రార్థన చేయడానికి దేవాలయానికి వెళ్ళారు. పరిసయ్యుడు ఏం చేశాడు? అబద్ధం ఆడాడా? లేదు. దొంగతనం చేశాడా? అదీ లేదు. కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు. మన తెలుగు బైబిల్లో ఆ మాటే ఉంది, చూసుకోండి. ఇతర మనుష్యులవలె ఉండనందుకు కృతజ్ఞతాస్తుతులు. ఆ మాట చదివినప్పుడల్లా పరిసయ్యుడి మీద మనకు కోపం వస్తుంది కదా? మరి మనం ఎల్లుండి రాత్రి చేసేది ఏమిటి? ఇతర మనుష్యులవలె పోనందుకు కృతజ్ఞతాస్తుతులు. పక్కన సుంకరి బదులు పాడె ఉంది, అంతే తేడా.

బతికి ఉన్నందుకు దేవుణ్ణి స్తుతించవద్దని నేను అనటం లేదు. తప్పుగా అనుకోకండి. ఊపిరి ఆయనది, ఇచ్చినందుకు స్తోత్రం చెప్పాలి. కానీ పోయినవాళ్ళ పక్కన మనల్ని పెట్టి తూకం వేసుకుని, మన పళ్ళెం బరువుగా ఉందని సంతోషించటం కృతజ్ఞత ఎలా అవుతుంది? పోయిన మనిషి చేతుల మీదుగా మనకు ఏమి అందిందో చూడకుండా, మనం మిగిలామని మాత్రమే చూసుకోవటం?

ఇంకొకటి చెప్పాలి. ఈ ఉదయం ఆరాధన అయ్యాక ఒక తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. పేరు చెప్పను, ఇక్కడే ఉన్నాడు, నవ్వుతున్నాడు. “అన్నా, సాయంత్రం మన్మోహన్ సింగ్ గారి గురించి మాట్లాడతారట. ఆయన సిక్కు కదా. రక్షణ పొందలేదు కదా. సంఘంలో ఎందుకు?” అని అడిగాడు. మంచి ప్రశ్నే. నేను అతన్ని యెషయా 45వ అధ్యాయం చదవమన్నాను. అక్కడ కోరెషు అనే పారసీక రాజు ఉన్నాడు. యెహోవాను ఎరగనివాడు. నీవు నన్ను ఎరగకపోయినా నేను నిన్ను పేరు పెట్టి పిలిచాను అని దేవుడే అతనితో అంటున్నాడు. తాను అభిషేకించినవాడు అని కూడా అంటున్నాడు. బబులోను చెరలో ఉన్న యూదా జనం ఇంటికి వెళ్ళింది ఆ చేతి మీదుగానే. ఎవరు రక్షణ పొందారో తేల్చే కుర్చీ నాది కాదు, నీది కాదు తమ్ముడూ. ఆ కుర్చీలో కూర్చున్నవాడు మన సలహా అడగలేదు.

పౌలు తిమోతికి ఏమి రాశాడు? మనుష్యులందరికొరకును, రాజులకొరకును, అధికారులందరికొరకును ప్రార్థించమన్నాడు. ఆ వరుసలో విజ్ఞాపనలు, ప్రార్థనలు, యాచనలు ఉన్నాయి. వాటి చివర కృతజ్ఞతాస్తుతులు అని కూడా ఉంది. ఆ చివరి మాట మనం దాటేస్తాం. రాజుల కోసం అడుగుతాం కానీ రాజుల విషయమై కృతజ్ఞత చెప్పం. పౌలు కాలంలో రోమును ఏలినవాడు ఎవరు? నీరో. అలాంటివాడు ఏలుతున్న కాలంలోనే ఆ ఉత్తరం వచ్చిందనుకుంటే, మనకు సాకు ఎక్కడ ఉంది?

అందరికొరకు అన్న మాట దగ్గర ఒక చిన్న విషయం. నిన్న నిగంబోధ్ ఘాట్‌లో ఆయన అంత్యక్రియలు సిక్కు పద్ధతిలో జరిగాయి, మీరూ చూసి ఉంటారు. వాళ్ళు అర్దాస్ అనే ప్రార్థన చేస్తారు. దాని చివర సర్బత్ దా భలా అంటారు. అందరికీ మేలు కలగాలి అని. ‘మాకు’ అని కాదు. అది విన్నప్పుడు నాకు మన డిసెంబరు 31 ప్రార్థన గుర్తొచ్చి కొంచెం సిగ్గనిపించింది.

సరే, ఆయన ఎవరో పిల్లల కోసం నాలుగు మాటల్లో చెబుతాను. 1932లో గాహ్ అనే ఊళ్ళో పుట్టారు, ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. చిన్నతనంలోనే తల్లి పోయింది, నాయనమ్మ పెంచింది. దేశం రెండు ముక్కలైనప్పుడు ఇల్లు వదిలి వచ్చిన కుటుంబం. కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్, రిజర్వు బ్యాంకు గవర్నరు. 1991లో మన పి.వి. నరసింహారావు గారు పిలిచి ఆర్థిక మంత్రిని చేశారు. అప్పుడు దేశం దగ్గర విదేశీ డబ్బు రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదు, బంగారం విమానంలో పంపించి తాకట్టు పెట్టిన రోజులు. ఆ సంస్కరణల వల్ల ఎవరికి ఎంత మేలు, ఎవరికి ఎంత కీడు అన్నది తెలిసినవాళ్ళు తేల్చుకుంటారు. నేను తెలుగు మాస్టర్ని. 2004 నుంచి 2014 దాకా పదేళ్ళు ప్రధాని.

పి.వి. గారి పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఆయన అంత్యక్రియలు హైదరాబాదులో ఏ రోజు జరిగాయో ఎవరికైనా గుర్తుందా? 2004 డిసెంబరు 25. క్రిస్మస్ రోజు. ఆ రోజు మనం ఇక్కడే ఉన్నాం, కొత్త బట్టలతో. ఆయన పేరు ప్రార్థనలో ఒక్కరు ఎత్తారా? నేను ఎత్తలేదు. 

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చిన రోజు ప్రధానిగా మన్మోహన్ సింగ్ గారు దేశంతో మాట్లాడారు. తాను కిరోసిన్ దీపం గుడ్డి వెలుగులో చదువుకున్నానని, ఈనాడు ఇలా ఉన్నానంటే అది చదువు వల్లేనని చెప్పారు. అది విన్నప్పుడు నేను స్టాఫ్ రూములో ఉన్నాను. మాలో సగం మంది ఆ దీపం పిల్లలమే. చిమ్నీ పగిలితే కాగితం అంటించుకుని చదివినవాళ్ళం. ఎవ్వరం ఏమీ మాట్లాడలేదు, కాసేపు.

ఇప్పుడు బైబిలు తెరవండి. రెండవ సమూయేలు, మొదటి అధ్యాయం. సౌలు రాజు చనిపోయాడని దావీదుకు కబురు వచ్చింది. సౌలు దావీదుకు ఏమి చేశాడు? ఈటె విసిరాడు, ఒకసారి కాదు. కొండలు, గుహలు పట్టి తరిమాడు. అలాంటివాడు పోయాడు. దావీదు స్తోత్రం అన్నాడా? సౌలును తీసుకుని నన్ను సజీవుల లెక్కలో ఉంచావని అన్నాడా? బట్టలు చింపుకుని ఏడ్చాడు. విలాపగీతం కట్టాడు. అందులో 24వ వచనం చూడండి. ఇశ్రాయేలు కుమార్తెలారా, సౌలును గూర్చి ఏడవండి అంటున్నాడు. ఎందుకట? అతడు యుద్ధాలు గెలిచినందుకా? మీకు ఎర్రని వస్త్రాలు ధరింపజేశాడు, అందుకు. మీ బట్టలమీద నగలు పెట్టాడు, అందుకు. ఎంత వింత కారణం! తన గుహల సంగతి ఎత్తలేదు. ఆడవాళ్ళ ఒంటి మీద చీర చూపించి, ఇది ఎక్కడిదో గుర్తు తెచ్చుకోండి అన్నాడు.

నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. మీలో పెద్దవాళ్ళకు తెలుసు ఆమె, ఎడమవైపు మూడో స్తంభానికి ఆనుకుని కూర్చునేది. చదువు రాదు. కానీ బైబిలు లేకుండా ఆరాధనకు రాలేదు. జిప్పు ఉన్న నల్ల కవరులో బైబిలు, ఆ బైబిలు మనవరాలు చదివి పెట్టాలి.

2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, మన్మోహన్ సింగ్ గారు, సోనియా గాంధీ గారు వచ్చి ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశంలో మొదట 200 జిల్లాల్లో మొదలైంది, ఆ మొదలు మన కరువు నేల మీద పడింది. గ్రామంలో ఒక కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పని అన్నారు. అడిగిన పదిహేను రోజుల్లో పని చూపించకపోతే భృతి ఇవ్వాలన్నారు. ఆడవాళ్ళకు, మగవాళ్ళకు ఒకటే కూలి. మనం దాన్ని ఏమన్నాం? కరువు పని అన్నాం. ఇప్పటికీ చాలా మంది అదే అంటారు.

ఈ చట్టం ఆయన ఒక్కడి తలలో పుట్టిందని నేను అనను. దాని కోసం ఏళ్ళ తరబడి కొట్లాడినవాళ్ళు ఉన్నారు, వామపక్షాల ఒత్తిడి ఉంది, మహారాష్ట్రలో 1970లలోనే ఇలాంటిది నడిచింది. కానీ ఆ 2005లో ప్రధాని కుర్చీలో కూర్చుని దాన్ని దేశమంతటికీ చట్టం చేసిన ప్రభుత్వం ఆయనది. 

మా పెద్దమ్మ పార పట్టింది. చెరువు పూడిక తీసింది, కొండవాలులో కందకాలు తవ్వింది. అంతకుముందు ఆమె చేయని పని కాదు, రైతుల పొలాల్లో అంతకన్నా ఎక్కువే చేసింది. కానీ అక్కడ మగవాడి కూలి ఒకటి, ఆమె కూలి ఇంకొకటి. అడిగితే “రేపు రా” అనేవారు. ఇప్పుడు పోస్టాఫీసులో ఆమె పేరు మీద పాస్‌పుస్తకం వచ్చింది. అప్పటిదాకా రేషను కార్డులో ఫలానావాడి భార్య అని తప్ప ఆమె పేరు ఏ కాగితం మీదా లేదు. ఆ పాస్‌పుస్తకాన్ని బైబిలు కవరులోనే పెట్టుకుంది, వెనక అరలో, కానుక కవర్లతో పాటు.

మొదటి కూలి చేతికి వచ్చిన ఆదివారం ప్రథమఫలమని కవరులో పెట్టి పళ్ళెంలో వేసింది. ఆ రోజు కానుకలు లెక్కపెట్టినవాణ్ణి నేనే. కవరు మీద పెన్సిలుతో ఎవరో పిల్లవాడి చేత ‘కరువు పని’ అని రాయించింది. కింద తన పేరు. అప్పుడున్న అయ్యగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి, తండ్రీ, నీ దాసురాలికి పని ఇచ్చావు, స్తోత్రం అన్నారు. మేమంతా ఆమేన్ అన్నాం. నిజమే, దేవుడే ఇచ్చాడు. కానీ ఎవరి చేతి మీదుగా ఇచ్చాడో ఆ చేతుల కోసం ఒక్క మాట? ఏలీయాకు రొట్టె తెచ్చిన కాకులను కూడా మన ప్రసంగాల్లో మరచిపోం. మనుషులను మరచిపోతాం.

ఇక్కడ మీరు నన్ను ఆపాలి. “పంతులుగారూ, అంతా పొగడ్తేనా?” అని అడగాలి. ఎవరూ అడగటం లేదు కాబట్టి నేనే అడుగుతాను.

కరువు పని డబ్బులు నెలల తరబడి రాని రోజులు ఉన్నాయి. పనికి రానివాళ్ళ పేర్లు మస్టరులో కనిపించిన ఊళ్ళు ఉన్నాయి. ఆయన ప్రభుత్వం మీద బొగ్గు, స్పెక్ట్రం ఆరోపణలు ఉన్నాయి, ఆయన మౌనం మీద దేశమంతా జోకులు వేసుకుంది. 2008లో కంధమాల్‌లో మనవాళ్ళ ఇళ్ళు, చర్చిలు తగలబడినప్పుడు అది జాతికే సిగ్గుచేటు అన్నారు ఆయన. అనటం వేరు, ఆపటం వేరు అని కోపం తెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

అన్నిటికంటే మన ఇంటి గాయం ఒకటి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. ఎస్సీ హోదా మొదట హిందువులకే అన్నారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవులకు తీయలేదు. బాప్తిస్మపు నీళ్ళలో కులం కడుక్కుపోయిందని ప్రభుత్వం నమ్మింది, ఊరు మాత్రం నమ్మలేదు. మన పిల్లలకు బీసీ-సీ అని రాశారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో నివేదిక ఇచ్చింది, ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టవద్దని చెప్పింది. 2009లో అది పార్లమెంటు ముందుకు వచ్చింది. ఆ తర్వాత ఆయన చేతిలో ఇంకా నాలుగేళ్ళకు పైగా ఉంది. ఏమీ జరగలేదు.

నేను హాజరు పిలిచినవాణ్ణి. ఎస్సీ హోదా పోకుండా బడి రిజిస్టరులో ఒక పేరు, ఈ సంఘం రిజిస్టరులో ఇంకో పేరు ఉన్న పిల్లలు నా తరగతిలో ఎంతమందో నాకు తెలుసు. బడి పేరుతో పిలిస్తే ఒక్క క్షణం ఆలస్యంగా ‘ప్రజెంట్ సార్’ అనేవాళ్ళు. ఆ ఒక్క క్షణం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. 

మరి ఈ రెండూ ఒకే నోటితో ఎలా చెబుతాం? పాస్‌పుస్తకానికి వందనం, రిజిస్టరుకు నిష్ఠూరం? చెప్పవచ్చు. మనకు అప్పు ఉన్నవాడికి కూడా అన్నం పెట్టినందుకు కృతజ్ఞత చెప్పవచ్చు, అప్పు అడగవచ్చు. ఒకటి చెబితే రెండోది చెల్లిపోదు. అడగాల్సినది ఆయనతో పాటు కాలిపోలేదు, ఇప్పుడు కుర్చీలో ఉన్నవాళ్ళను అడుగుదాం.

ఒక్క సంఘటన చెప్పి ముగింపులోకి వస్తాను. 2005 ఆగస్టు, రాజ్యసభ. 1984లో ఢిల్లీలో సిక్కులను ఊచకోత కోసిన సంగతి మీకు తెలుసు. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత ప్రధాని లేచి నిలబడి, సిక్కు సమాజానికే కాదు, దేశమంతటికీ క్షమాపణ చెబుతున్నాను, సిగ్గుతో తల వంచుతున్నాను అన్నారు. ఆ తల ఎవరిది? సిక్కు తలపాగా ఉన్న తల. చంపినవాళ్ళ వైపు మనిషి కాదు, చనిపోయినవాళ్ళ వైపు మనిషి. అయినా పాలకుల కుర్చీలో ఉన్నాను కాబట్టి ఆ పాపం నా నోటితో ఒప్పుకుంటాను అన్నట్టు నిలబడ్డారు.

ఆ వార్త చదివినప్పుడు నాకు దానియేలు 9వ అధ్యాయం తట్టింది. దానియేలు ఏ పాపం చేశాడు? సింహాల గుహలో వేసినా తప్పు దొరకని మనిషి. అతను ప్రార్థనలో ‘వాళ్ళు పాపం చేశారు’ అనలేదు, ‘మేము పాపం చేశాము’ అన్నాడు. నెహెమ్యా కూడా అంతే, నేనును నా తండ్రి ఇంటివారును అన్నాడు. మనం ఆ ‘మేము’ను స్తోత్రంలో వాడతాం. మమ్మల్ని కాపాడావు, మమ్మల్ని ఉంచావు. ఒప్పుకోలు దగ్గరికి వచ్చేసరికి ‘వాళ్ళు’ అవుతుంది. ఆ క్షమాపణతో చనిపోయినవాళ్ళు తిరిగి రాలేదు. చాలా మందికి శిక్షలూ పడలేదు. ఆ విధవలకు అది చాలలేదంటే నేను కాదనను. కానీ ఇన్ని దశాబ్దాల్లో ఒక అధికారి తల వంచటం నేను ఎన్నిసార్లు చూశాను? వేళ్ళ మీద లెక్కపెట్టటానికి వేళ్ళు ఎక్కువ.

146వ కీర్తన రాజులను నమ్ముకొనవద్దు అంటుంది. వారి ప్రాణము వెడలిపోవును, వారు మంటి పాలగుదురు, వారి సంకల్పములు నాడే నశించును. గురువారం రాత్రి ఈ వచనం కూడా గుర్తొచ్చింది. మనిషి పోయాడు, సంకల్పం నశించింది, సరే. మరి పెద్దమ్మ తవ్విన కందకం? అది ఇంకా ఉంది, మొన్న వానకు నిండింది, నేను చూశాను. అదే కీర్తనలో కొన్ని వచనాలు దాటితే, ఆకలిగొన్నవారికి ఆహారం దయచేసేవాడు యెహోవా అని ఉంది. నమ్మకం ఆయన మీద పెట్టుకోమంది. ఆయన వాడుకున్న చేతులను మరచిపొమ్మని ఎక్కడా లేదు. నేను వెతికాను.

కాబట్టి అయ్యగారూ, ఎల్లుండి రాత్రి ప్రార్థనకు నన్ను లేపితే, నేను ఆ పాత మాటలు అనలేను. ఏమి అంటానో ఇంకా కూడబలుక్కోలేదు. మా ఆవిడ వింటుంది కాబట్టి జాగ్రత్తగా అనాలి.

ఇరవై నిమిషాలు దాటిందని వెనక నుంచి చెయ్యి ఊపుతున్నారు. ఒక్క నిమిషం. పెద్దమ్మ పాస్‌పుస్తకం ఆమె మనవరాలి దగ్గర ఉంటే అడిగి తెచ్చాను. ఇదిగో. లోపల అన్నీ వేలిముద్రలే. ముందు వరుసలో పిల్లలకు ఇస్తున్నాను, చూసి వెనక్కి అందించండి. చివరి పేజీ ఊడిపోతోంది, మెల్లగా తిప్పండి.